రిపోర్టు రాసే చెయ్యే ప్రేమలేఖ రాస్తే

కిందటి దసరా సెలవులకు మా మేనకోడలు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, తాను ఫోనులో చదువుతున్న ఒక సీరియల్ కథను రాత్రి భోజనాలయ్యాక నాకు చదివి వినిపించింది. కథానాయికకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరిన రోజునే లిఫ్టులో కంపెనీ యజమాని ఎదురవుతాడు. ఆరడుగుల పొడవు, ముక్కు మీద కోపం, ఎవరినీ దగ్గరకు రానివ్వని స్వభావం. మూడో భాగంలో ఆమెను అందరి ముందు కసురుతాడు. ఆరో భాగంలో ఆమె సీటును తన కేబిన్ పక్కకు మార్పిస్తాడు. పదో భాగంలో, ఆమెతో నవ్వుతూ మాట్లాడాడన్న కారణానికి తోటి ఉద్యోగి ఒకణ్ణి పనిలోంచి తీసేస్తాడు. ఇదంతా ప్రేమేనని కథ మనకు చెబుతూనే ఉంటుంది. నలభయ్యో భాగానికి పెళ్లి. చదవడం ముగించి మా అమ్మాయి అడిగింది: "అత్తా, ఇన్ని భాగాల్లో ఈ కంపెనీ ఏం తయారు చేస్తుందో, ఈ అమ్మాయి చేసే పనేమిటో ఒక్కచోటైనా చెప్పారా?"

చెప్పలేదు. ఆ ప్రశ్న తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. చిన్నప్పటి నుంచి నవలలు చదువుతూ, పెద్దయ్యాక ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని కాబట్టి, ఈ విషయంలో నాకు తెలిసినదేదో ఉందనీ, దాన్ని ఇన్నాళ్లూ రాయకుండా ఊరుకున్నాననీ అనిపించింది. ఆఫీసు ప్రేమకథల మీద నాకున్న అభ్యంతరం ప్రేమ మీద కాదు. ఆఫీసుల్లో ప్రేమలు పుడతాయి, పుట్టాలి కూడా. కులం, ఊరు, బంధుత్వం ఏవీ అడగకుండా ఒక ఆడా ఒక మగా రోజుకు ఎనిమిది గంటలు పక్కపక్కన కూర్చోగలిగిన చోట్లు మన సమాజంలో ఎన్నని ఉన్నాయి? నా అభ్యంతరమల్లా ఆ కథల్లోంచి పనిని ఊడ్చిపారేయడం మీద. పని కనబడకపోతే ఆ ప్రేమ ఎందుకు పుట్టిందో మనకు తెలియదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: ఆ అమ్మాయి 'ఔను' అన్నప్పుడు, 'కాదు' అనడానికి ఆమెకు అసలు వీలుండిందో లేదో తెలియకుండా పోతుంది.

ఈ కథ ఈనాటిది కాదు. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ సంస్థ, ప్రేమ నవలలకే పరిమితమైపోయిన తర్వాత, డాక్టరూ నర్సూ, యజమానీ సెక్రటరీ జంటలుగా వందలకొద్దీ పుస్తకాలు అచ్చువేసింది. మధ్యతరగతి ఆడపిల్ల ఇల్లు దాటి జీతానికి వెళ్లడం అప్పుడప్పుడే మామూలవుతున్న కాలమది. ఆమె వెళ్లగలిగిన ఉద్యోగాలు కొన్నే, వాటన్నిటిలోనూ పైనున్నది మగవాడే. కాబట్టి నవలలో ఆమెకు ఎదురయ్యే మగవాడు ఆమె పై అధికారి కాక మరెవరవుతాడు? ఆ పుస్తకాలు మన ఊళ్లలోని అద్దె పుస్తకాల దుకాణాలకూ వచ్చాయి. ఇంగ్లీషు మీడియం అమ్మాయిలు వాటిని పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివారు. 2008లో ఆ సంస్థ మన దేశంలోనే అచ్చువేయడం మొదలుపెట్టేనాటికి ఆ మూస మనకు కొత్త కానే కాదు.

తెలుగులో ఆ కథకు మన సొంత రూపం అప్పటికి నలభై ఏళ్ల క్రితమే వచ్చింది. 1960ల నడుమ యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా అమ్మ వయసు పదహారు. బెజవాడలోనూ గుంటూరులోనూ వీధికొక టైపు ఇన్‌స్టిట్యూట్ వెలుస్తున్న రోజులవి. పియుసి అయిన ఆడపిల్ల లోయరు, హయ్యరు పాసై, వీలైతే షార్ట్‌హ్యాండు కూడా నేర్చుకుని ఉద్యోగం కోసం చూసేది. అలా వెళ్లే పిల్ల గురించి వీధి అరుగుల మీద ఏమేమి మాట్లాడుకునేవారో మా అమ్మ చెప్పగా విన్నాను. అలాంటి సమయంలో, ఉద్యోగం చేసే ఆడపిల్ల తల ఎత్తుకుని నడవగలదని, కారున్న రాజశేఖరం ఎదుట కూడా జయంతి తన అభిమానాన్ని వదులుకోదని ఒక రచయిత్రి రాయడం చిన్న విషయం కాదు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో అది సినిమాగా వచ్చేనాటికి జయంతి ఎన్ని ఇళ్లలో ఆడపిల్లల పేరయిందో లెక్కలేదు. ఆ నవలను తేలిక చేసి మాట్లాడేవాళ్లతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. నా బాధ ఆ నవలతో కాదు, దాని తర్వాత వచ్చిన వాటితో. వాటిలో చాలాభాగం జయంతి అభిమానాన్ని వదిలేసి రాజశేఖరం కారును మాత్రం తీసుకున్నాయి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ కథలు నాకు చేసిన హాని నాకు బాగా తెలుసు.

1993లో నేను క్లర్కుగా చేరాను. ఊరి పేరూ బ్యాంకు పేరూ ఇక్కడ అక్కర్లేదు. ఆరు నెలల ప్రొబేషను. ఆ ఆరు నెలలు ముగిసేసరికి మేనేజరు రాసే రిపోర్టును బట్టి ఉద్యోగం ఖాయమవుతుంది. మా మేనేజరుకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, పెళ్లి కాలేదు. పుస్తకాలు చదివేవారు. నేను కూడా చదువుతానని తెలిసి ఒక నవల తెచ్చి ఇచ్చారు. మొదటి పేజీలో, కుడివైపుకు వాలిన ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు, దాని కింద రెండు పంక్తులు రాసి ఉన్నాయి. నన్ను రద్దీగా ఉండే కౌంటరు నుంచి తీసి డ్రాఫ్టుల సీటులో వేశారు. సాయంత్రం ఆలస్యమైన రోజుల్లో బస్టాండు దాకా స్కూటరు మీద దించేవారు. దాదాపు రెండు వారాలు నేను నేల మీద నడవలేదు. నేను చదివిన నవలలన్నీ నా చుట్టూ నిజమవుతున్నట్టే ఉంది.

ఒక శనివారం, మర్నాడు విజయవాడ వెళ్లి సినిమా చూసి వద్దామని అడిగారు. నాకు భయమేసింది. అమ్మ వస్తోందని చెప్పి తప్పుకున్నాను. సోమవారం ఉదయం నన్ను పింఛన్లు చెల్లించే కౌంటరులో వేశారు. ఆ వారంలో నా చేతి మీదుగా జరిగిన ప్రతి చిన్న తప్పుకూ కేబిన్‌లోంచి కేక వినిపించింది. రెండో వారంలో మెమో వచ్చింది. 'పనిలో అశ్రద్ధ, ఖాతాదారులతో మాటతీరు' అని నాలుగు వాక్యాలు. కింద సంతకం, ఆ సంతకం పక్కన తేదీ, కుడివైపుకు వాలిన అవే అక్షరాలు.

ఆ మెమో చేతిలో పట్టుకుని నేను మొదట ఏమనుకున్నానో చెప్పడానికి ఇవాళ కూడా మనసు చివుక్కుమంటుంది. ఆయన అలిగారనుకున్నాను. నేను రాననేసరికి నొచ్చుకున్నారు, అంత ఇష్టం ఉండబట్టే ఇంత కోపం వచ్చింది అనుకున్నాను. కోపం వెనుక ప్రేమ దాగి ఉంటుందనీ, కఠినంగా మాట్లాడే మగవాడి గుండె లోపల మెత్తగా ఉంటుందనీ పన్నెండేళ్ల వయసు నుంచి చదువుతూ వచ్చిన నాకు, ఎదురుగా ఉన్న కాగితాన్ని కాగితంగా చదవడం రాలేదు. మా హెడ్ క్లర్కు, యాభై దాటిన మనిషి, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ ఒక్క మాట అన్నారు: "అమ్మాయ్, అది అలక కాదు. అది నీ సర్వీసు ఫైలు." ఆ తర్వాత నా ప్రొబేషను మూడు నెలలు పొడిగించారు. ఈలోగా ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన మేనేజరు నా రిపోర్టు రాశారు, ఉద్యోగం నిలిచింది. ఆ నవలను చాలా ఏళ్లు దాచాను. మొదటి పేజీ చింపలేదు. నా సర్వీసు కాగితాల ఫైలులో మెమో పక్కనే అదీ ఉంది.

అప్పట్లో దీన్ని పిలవడానికి మా దగ్గర మాట లేదు. 'సారు వేధిస్తున్నారు' అంటే పని ఎక్కువ చెబుతున్నారనే అర్థం. రాజస్థాన్‌లో భటేరీ అనే పల్లెలో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే ఊళ్లో పనిచేసే కార్యకర్తగా ఉన్న భన్వరీ దేవి, తన పనిలో భాగంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయి, అందుకు ప్రతిగా 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆమెకు జరిగిన అన్యాయం నుంచి పుట్టిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న, వ్యాజ్యం వేసిన విశాఖ అనే సంస్థ పేరుతో విశాఖ తీర్పుగా పిలిచే తీర్పు చెప్పింది. ఈ వరసను నేను తరచు గుర్తు చేసుకుంటాను: పనిచేసే చోట ఆడవాళ్లకు రక్షణ కల్పించే సూత్రాలు ఈ దేశంలో పుట్టింది గాజు అద్దాల కార్యాలయం నుంచి కాదు, ఒక పల్లెటూరి మనిషి తన పని తాను చేసినందుకు పడిన శిక్ష నుంచి. చట్టం రావడానికి మరో పదహారేళ్లు పట్టింది. 2013 నాటి ఆ చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆ సంస్థలోని సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు కావాలి, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలి, తొంభై రోజుల్లో విచారణ ముగించాలి.

ఆ చట్టం మూడో సెక్షన్‌ను రచయితలందరూ ఒకసారి చదవాలని నా కోరిక. లైంగిక ప్రవర్తనతో ముడిపడినప్పుడు వేధింపు కిందికి వచ్చే పరిస్థితులు అందులో వరసగా ఉన్నాయి: ఉద్యోగంలో ప్రత్యేకంగా చూస్తానని నేరుగా గానీ సూచనగా గానీ ఆశ చూపడం, హాని చేస్తానని బెదిరించడం, ఇప్పటి ఉద్యోగం గురించో రేపటి ఉద్యోగం గురించో భయపెట్టడం, పనికి అడ్డుపడటం, పనిచేసే వాతావరణాన్ని భయంతో నింపడం, అవమానించడం. ఇప్పుడు మా మేనకోడలు చదివిన సీరియల్‌లో మూడో భాగాన్నీ, ఆరో భాగాన్నీ, పదో భాగాన్నీ ఈ వరస పక్కన పెట్టి చూడండి. అందరి ముందు కసరడం, సీటు మార్చడం, మాట్లాడిన వాడి ఉద్యోగం తీసేయడం. చట్టం వేధింపు అని గుర్తుపట్టినవాటినే కథ అనురాగానికి ఆనవాళ్లుగా పేర్చుకుంటూ పోతోంది. నేను ఉద్యోగం చివరి ఏళ్లలో అలాంటి ఒక కమిటీలో సభ్యురాలిగా కూర్చున్నాను. విచారణ వివరాలు బయట పెట్టకూడదని అదే చట్టంలో పదహారో సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఎవరి సంగతీ ఇక్కడ రాయను. ఆ బల్ల మీద చదివిన వాక్యాలకూ, ఫోనులో అమ్మాయిలు ఇష్టంగా చదువుకునే వాక్యాలకూ మధ్య తేడా పోల్చుకోలేక నేను కొన్నిసార్లు నిద్రపోలేదు, అంతవరకే చెప్పగలను.

అయితే ఆఫీసులో ప్రేమ అన్నదే అనుమానించాల్సిన సంగతా? కాదు. దాన్ని కూడా నేను కళ్లారా చూశాను. ఆ చూసినది ఏ కథలోనూ ఇంతవరకు నాకు దొరకలేదు.

నా రెండో శాఖలో, కంప్యూటర్లు రాకముందు, సెప్టెంబరు 30 అర్ధ సంవత్సరపు ముగింపు. పొదుపు ఖాతాల లెడ్జర్లలోని నిల్వలన్నీ కూడి, ఆ మొత్తం జనరల్ లెడ్జరులోని అంకెతో సరిపోవాలి. సరిపోకపోతే ఇంటికి వెళ్లడం లేదు. ఆ రాత్రి 2,700 రూపాయలు తేడా వచ్చింది. వందల ఖాతాలు, పదిహేను పైచిలుకు లెడ్జర్లు, లెక్కలు కూడే ఫాసిట్ మిషను చప్పుడు, బయట ఎవరో తెచ్చిపెట్టిన చల్లారిన టీ. మా వాళ్లలో ఒకతను ఆ అంకె వంక కాసేపు చూసి, "తొమ్మిదితో పోతోంది. ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి. వేల స్థానం, వందల స్థానం చూడండి. రెండంకెల మధ్య తేడా మూడు ఉంటుంది," అన్నాడు. ఎదురు బల్ల దగ్గరున్న అమ్మాయి మారు మాట్లాడకుండా లెడ్జర్లు తన ముందుకు లాక్కుంది. ఆమె వేలు కాలమ్ వెంట పైనుంచి కిందికి జారడం, ఒక్కోచోట ఆగి మళ్లీ కదలడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పదకొండున్నర దాటాక పద్నాలుగో లెడ్జరులో ఆమె వేలు ఆగింది. 8,512 ఉండాల్సిన చోట జాబితాలోకి 5,812 అని ఎక్కింది. ఆమె తల ఎత్తలేదు. పెన్సిలుతో ఆ అంకె చుట్టూ చిన్న సున్నా చుట్టి, పుస్తకాన్ని అతనివైపు తిప్పింది. అతను చూశాడు. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు.

ఆ నవ్వు చూసిన వెంటనే మా అందరికీ తెలిసిపోయింది, వాళ్లకు ఇంకా తెలియకపోయినా. ఒక మనిషి తన పనిని ఎంత బాగా చేస్తాడో దగ్గరగా చూడటం కంటే ఆకర్షణ మరొకటి ఉందని నేను అనుకోను. అది ఆరడుగుల పొడవులో లేదు, కారులోనూ లేదు. అతను తేడాను చూసే పద్ధతిలో ఉంది, ఆమె వేలు ఆగిన చోట ఉంది. ఇంత మంచి ముడిసరుకు ప్రతి ఆఫీసులోనూ, ప్రతి ఆసుపత్రి వార్డులోనూ, బడి స్టాఫ్ రూములోనూ పడి ఉంటే, కథలు లిఫ్టు దగ్గరకే ఎందుకు పరుగెడతాయో నాకు అర్థం కాదు.

వాళ్లిద్దరూ ఒకే హోదాలో ఉండేవాళ్లు, ఒకరి రిపోర్టు ఒకరు రాసేవాళ్లు కాదు. అతను మొదటిసారి అడిగినప్పుడు ఆమె కాదంది. మర్నాడు ఇద్దరూ పక్కపక్క కౌంటర్లలో ఎప్పటిలాగే కూర్చున్నారు, వోచర్లు అందించుకున్నారు, ఎవరి సీటూ మారలేదు, ఎవరికీ మెమో రాలేదు. ఏడాది తర్వాత ఆమే వెళ్లి ఔనని చెప్పింది. ఆ ఏడాది పొడుగునా 'కాదు' అన్న మాటకు ఆమె ఒక్క రూపాయి కూడా మూల్యం చెల్లించలేదు కాబట్టే, ఆ తర్వాత వచ్చిన 'ఔను' ఆమెదే అయింది.

అతనిది దళిత క్రైస్తవ కుటుంబం. ఆమెది ఊళ్లో పొలాలూ పరపతీ ఉన్న ఇల్లు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై రోజుల నోటీసు ఇచ్చి పెళ్లి చేసుకోవాలి, ఆ నోటీసును అందరికీ కనబడేచోట అంటిస్తారు. ఆ ముప్పై రోజులూ ఆమె నేను అద్దెకున్న వాటాలో ఉంది. పన్నెండో రోజున వాళ్ల నాన్నగారు శాఖకు వచ్చారు. అప్పటి మా మేనేజరు, నా మొదటి శాఖలోని మనిషిలాంటివారు కారు, ఆయన్ను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, "అమ్మాయి మేజరండీ. ఉద్యోగం చేసుకుంటోంది. మీతో మాట్లాడాలని తను అనుకుంటే మాట్లాడుతుంది," అన్నారు. ఆమె బయటికి వచ్చి మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు. పెద్దాయన వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మెట్ల దాకా వెళ్లి వెనక్కి రావడం మాత్రం చూశాం. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలన్నారు. హెడ్ క్యాషియరు, మా యూనియన్ కార్యదర్శి, నేను సంతకాలు పెట్టాం. తర్వాత వారంలోనే వాళ్లలో ఒకరిని పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శాఖకు మార్చారు. అది శిక్ష కాదు. నగదు పెట్టెకు రెండు తాళాలుంటాయి, రెండూ వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి, ఆ రెండు తాళాలూ రాత్రికి ఒకే ఇంటికి వెళ్లకూడదు. అతనికి తాళాలు అప్పజెప్పే సీటు వచ్చేసరికి ఆమె బస్సెక్కి వెళ్లిరావడం మొదలుపెట్టింది.

ఆ రెండు తాళాల సంగతి ఏ నవలలోనైనా చదివితే నేను ఆ రచయితకు చేతులెత్తి నమస్కరిస్తాను. పనిచేసే చోటికి తనదైన న్యాయం ఒకటి ఉంటుంది. ప్రేమ వచ్చి దానికి తగులుకుంటుంది, దారి వెతుక్కుంటుంది, కొంత ఇచ్చుకుంటుంది. ఈనాటి కథల్లో అది ఉండదు. తోటి ఉద్యోగులు ఉండరు, ఉన్నా గుసగుసలాడటానికే ఉంటారు. సాక్షి సంతకం పెట్టే మనిషీ, వాటాలో చోటిచ్చే మనిషీ కనబడరు. అన్నిటికీ మించి, కులం ఉండదు. నాయకుడికి ఇంటిపేరు ఉంటుంది, వంశం ఉంటుంది, కోట్ల ఆస్తి ఉంటుంది. కథానాయిక పేదపిల్ల అంటారు తప్ప ఆమె ఎవరో చెప్పరు. మన దేశంలో జరిగే పెళ్లిళ్లలో కులం దాటినవి వందకు ఐదో ఆరో అని సర్వేలు చెబుతుంటే, ఆ ఐదారింటికి దారి తీసే చోట్లలో ఒకటైన ఆఫీసును రంగస్థలంగా పెట్టుకుని కూడా ఆ ఒక్క మాట ఎత్తకుండా నలభై భాగాలు రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇది కల మాత్రమే కదా, చదివే అమ్మాయికి ఆ సంగతి తెలియదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. తెలుసు. రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్‌లో తల వాల్చి ఒక భాగం చదువుకునే పిల్ల తెలివితక్కువది కాదు. ఆమె చదివే పుస్తకాన్ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. కానీ ఆ కల ఎందుకు అంత తీయగా ఉంటుందో కూడా ఆలోచించాలి. పొద్దంతా తన మీద అరిచిన మనిషి అరుపు వెనుక ఏదో ప్రేమ ఉంటే బాగుండునన్న ఆశను అది జోకొడుతుంది. పగలు తగిలిన గాయానికి రాత్రి అర్థం చెబుతుంది. అందుకే అది అంత హాయి, అందుకే నాకు అంత భయం; ఎందుకంటే మెమోను అలక అనుకున్న పిల్లను నేనే.

రాసేవాళ్ల ఇబ్బంది కూడా నాకు తెలియనిది కాదు. యాప్‌లో డబ్బుకు కొనుక్కున్న నాణేలు చెల్లిస్తే గానీ తర్వాతి భాగం తెరుచుకోని చోట, ప్రతి భాగం చివరా పాఠకురాలి ఊపిరి బిగబట్టించాలి. యజమాని కోపం ఆ పనికి సులువుగా అక్కరకొస్తుంది. పనిని రాయాలంటే దాన్ని తెలుసుకోవాలి, ఎవరి దగ్గరో కూర్చుని అడగాలి, అందుకు సమయం పడుతుంది. అయినా పనిని రాసినంత మాత్రాన కథ చప్పబడదని చెప్పడానికి ఉదాహరణలున్నాయి. 2021లో వచ్చిన ఆలీ హేజల్‌వుడ్ 'ద లవ్ హైపోథిసిస్' లక్షలమంది ఇష్టపడ్డ ప్రేమ నవల. అందులో నాయిక క్లోమగ్రంథి క్యాన్సరును ముందే గుర్తుపట్టే పద్ధతి మీద పరిశోధన చేస్తుంటుంది, ఆమెకు ప్రయోగశాలలో చోటు కావాలి, కథ మలుపులు చాలావరకు ఆ అవసరం నుంచే వస్తాయి. నాయకుడు అదే విభాగంలో ప్రొఫెసరు, అయినా ఆమె పరిశోధనకు మార్గదర్శకుడు కాదు. ఆమెకు చోటిస్తానన్న మరో శాస్త్రవేత్త ఆ చోటును అడ్డం పెట్టుకుని ఆమెను వేధించే ఘట్టం కూడా అదే నవలలో ఉంది. ప్రేమా వేధింపూ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే పెట్టి, వాటి మధ్య గీత ఎక్కడుందో పాఠకురాలికి చూపించారు. ఆ రచయిత్రి స్వయంగా నాడీశాస్త్రం చదివి విశ్వవిద్యాలయంలో పనిచేసినవారు కావడం యాదృచ్ఛికం కాదు. ప్రొఫెసరూ విద్యార్థినీ అన్న జంట మీద నాకింకా కొన్ని సందేహాలు ఉన్నా, ఆ జాగ్రత్తను గౌరవిస్తాను.

మన దగ్గరా ఆ ముడిసరుకుకు కొదవ లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్ననాటి నుంచి అనంతపురం, శ్రీకాకుళం, ఖమ్మం పల్లెల పిల్లలు అక్కడికి వచ్చి ఒకే బల్ల మీద మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటున్నారు. చేతిలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న రోజుల దిగులు, అప్రైజల్ నెలలో అందరి గొంతులూ తగ్గిపోవడం, ఒకరికి ఆన్‌సైట్ వచ్చి ఇంకొకరికి రాకపోవడం, నోటీసు పీరియడ్‌లో ఉన్న మనిషితో చివరి భోజనం, ఇవన్నీ ఎవరైనా రాసేదాకా కాచుకుని ఉన్నాయి.

ఆ దసరా రాత్రి తర్వాత మా అమ్మాయే ఒక కథ మొదలుపెట్టింది. కథానాయిక చెల్లింపుల యాప్ చేసే కంపెనీలో టెస్టరు, కథానాయకుడు ఆమె టీమ్ లీడ్. మొదటి భాగం చదివి నేను ఒక్కటే అడిగాను: "ఆమె రేటింగ్ ఎవరు వేస్తారు?" కాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఫోను చేసి, కథ మార్చానంది. అతను తన మనసులో మాట చెప్పడానికి ముందే, ఆమె తన కింద రిపోర్టు చేయకుండా మార్చమని పైవాళ్లకు రాస్తాడట. ఆ మార్పు అమలు కావడానికి ఈ రేటింగ్‌ల దఫా పూర్తి కావాలి, రెండు నెలలు పడుతుంది. "అప్పటిదాకా వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారు అత్తా? భాగాలు ఎలా నడపను?" అని అడిగింది. పని గురించి మాట్లాడుకుంటారు కదమ్మా, అన్నాను.

రెండో భాగం నిన్న రాత్రి పంపింది. అర్ధరాత్రి రెండు గంటలకు చెల్లింపులు ఆగిపోతాయి. ఎనిమిది మంది కాల్‌లో ఉంటారు, అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. ఆమె మైకు ఆపేసి, ఒక్కతే, లాగ్‌లు వరస వెంట వరస చదువుతూ పోతుంది. మూడు గంటల పది నిమిషాలకు ఒక వరస దగ్గర ఆగుతుంది. ఒక సర్వరు గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది. ఆ వరసను కాపీ చేసి ఏ వ్యాఖ్యా లేకుండా అందరి ముందూ పెడుతుంది. కాల్‌లో అందరూ ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతారు. తర్వాత అతని గొంతు వినిపిస్తుంది: "దొరికింది."